రెండంగుళాల ఏసమ్మ

రేపల్లె స్టేషన్ రోడ్డులో ఏసమ్మ టైలరింగ్ షాపు ఎక్కడండీ అని అడిగితే జనం బుర్ర గోక్కుంటారు. రెండంగుళాల ఏసమ్మ షాపు అని అడగండి, సోడా బండివాడు కూడా లేచి వచ్చి దారి చూపిస్తాడు. ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఏ ఆడపిల్లకు ఏ బట్ట కుట్టినా లోపల రెండు పక్కలా రెండేసి అంగుళాల గుడ్డ వదిలి కుట్టింది. ఎదిగే పిల్ల కదా, వచ్చే ఏడు విప్పుకుని వదులు చేసుకోవచ్చని ఆమె ఆలోచన. నిజానికి ఆ ఆలోచన ఆమెది కాదు, తల్లులది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే "కాస్త లూజు పెట్టు ఏసమ్మా, ఎదిగే పిల్ల" అంటారు. ఐదో తరగతి పిల్లకూ అదే మాట, ఎమ్మెస్సీ చదివే పిల్లకూ అదే మాట. తమ ఆడపిల్లలు ముప్పై దాటినా ఎదుగుతూనే ఉంటారని రేపల్లె తల్లుల గట్టి నమ్మకం.

తల్లులది ఒక దారైతే పిల్లలది ఇంకో దారి. తల్లితో వచ్చినప్పుడు నోట్లో నాలుక లేనట్టు నిలబడ్డ పిల్ల, డ్రస్సు చేతికొచ్చిన మర్నాడు ఒంటరిగా దిగుతుంది. "ఆంటీ, నడుము దగ్గర కొంచెం, చేతుల దగ్గర కొంచెం. మా అమ్మకి చెప్పకండి ఆంటీ, ప్లీజ్." ఏసమ్మ టకటకా బిగించి ఇస్తుంది. శనివారం సాయంత్రం తెనాలి నుంచి వచ్చే ప్యాసింజరు దిగిన హాస్టలు పిల్లలు ఇంటికి పోకముందే ఆమె షాపులో పరదా వెనక దూరతారు. బిగించిన కుట్టు విప్పించుకుని, వదులు డ్రస్సులో బుద్ధిగా ఇంటికి పోతారు. మళ్ళీ సోమవారం పొద్దున బండికి ముందు వచ్చి బిగించుకుపోతారు. ఒక్కో డ్రస్సుకు ఎన్నిసార్లు సూది దిగిందో ఆ గుడ్డకే తెలియాలి. కుట్టు కూలి కంటే ఈ విప్పుకోలు, బిగింపు మీదే ఏసమ్మ షాపు నడిచేది.

ఆ తల్లులను తలుచుకుని ఏసమ్మ ఒంటరిగా కూర్చున్నప్పుడు నవ్వుకునేది. ముఖ్యంగా స్కూలు టీచరు కుసుమకుమారి గారిని. ఆవిడ కూతురు చంద్రిక తెనాలిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. "మా చంద్రికకి ఫ్యాషన్ల పిచ్చి లేదు ఏసమ్మా, నేనేది కుట్టిస్తే అది వేసుకుంటది" అని ఆవిడ గర్వంగా చెప్పిన రోజు, చంద్రిక డ్రస్సులు నాలుగు బిగించడానికి బల్ల కిందే మూట కట్టి ఉన్నాయి. ఏసమ్మ మొహం కదలకుండా "మీ పెంపకం అలాంటిదండి" అంది. అలా అనడం కూడా టైలరు పనిలో భాగమే.

కానీ తన కూతురు బ్లెస్సీ సంగతి వేరని ఏసమ్మ ధీమా. బ్లెస్సీ బాపట్లలో హాస్టల్లో ఉండి హోం సైన్సులో ఎమ్మెస్సీ చదువుతోంది. శనివారం శనివారం ఇంటికి వస్తుంది. తల్లి కుట్టింది కుట్టినట్టే, మోకాళ్ళ కింద దాకా, నడుమెక్కడుందో తెలియకుండా, నిండుగా వేసుకుని బండి దిగుతుంది. "నా బిడ్డ నా చేతి కుట్టు మీద ఇంకో కుట్టు పడనివ్వలేదు" అని ఏసమ్మ చర్చిలో పక్కవాళ్ళకు చెప్పని ఆదివారం లేదు.

ఏసమ్మకు ఉన్న కోరిక ఒక్కటే. బాపట్ల కాలేజీలో ఎవరో ఒక పిల్ల బ్లెస్సీ డ్రస్సు చూసి "ఎవరు కుట్టారే?" అని అడగాలి. బ్లెస్సీ "మా అమ్మ" అని చెప్పాలి. అంతే. బంగారం అడగలేదు, మేడ అడగలేదు. ప్రతి శనివారం అన్నం వడ్డిస్తూ "ఎవరన్నా అడిగారా?" అనేది. బ్లెస్సీ కంచంలోకి చూస్తూ "పప్పు బాగుందమ్మా" అనేది. నిజాంపట్నం రేవులో ఐసు ఫ్యాక్టరీ గుమాస్తాగా పనిచేసే భర్త అంద్రెయ మధ్యలో కల్పించుకుని "దాన్ని తిననియ్యవే" అనేవాడు.

ఆ ఏడు బ్లెస్సీ చదువులో ప్రాజెక్టు పడింది. కాలేజీ ఆడపిల్లలు బట్టలు ఎంచుకునేటప్పుడు వాళ్ళ మీద దేని ప్రభావం ఉంటుందో తేల్చాలి. ఇంట్లోవాళ్ళా, స్నేహితురాళ్ళా, సినిమాలా, ఫోనులో కనిపించేవా, ధరా, సొంత ఇష్టమా? నూట ఇరవై కాగితాలు అచ్చు వేయించి రేపల్లె, తెనాలి, బాపట్ల ఆడపిల్లలకు పంచింది. నింపిన కాగితాలు సంచీలో వేసుకుని ఇంటికి తెస్తే, ఏసమ్మ కళ్ళజోడు పెట్టుకుని తిరగేసింది. నూట ఇరవైలో నూట పది మంది "సొంత ఇష్టం" దగ్గర టిక్కు కొట్టారు. చంద్రిక అయితే రెండు టిక్కులు కొట్టింది.

ఏసమ్మకు నవ్వాగలేదు. మిషను మీద తల పెట్టి నవ్వింది.

"ఎందుకమ్మా నవ్వుతావు?" అంది బ్లెస్సీ.

"ఏం లేదే. నీ కాయితాలు బాగున్నాయి. ఒక్క నిజమన్నా కలిస్తే ఇంకా బాగుండేవి."

"అంటే?"

"అంటే ఏంటి? సొంత ఇష్టమంట! వీళ్ళల్లో సగంమంది సొంత ఇష్టం నా పరదా వెనక శనివారం విప్పుతా, సోమవారం కుడతా ఉన్నాను. పేర్లు మాత్రం అడగబాక. చచ్చినా చెప్పను. నన్ను నమ్మి చెప్పుకున్న పిల్లలు."

బ్లెస్సీ మొహం ఎందుకో కందింది. కాగితాలు గబగబా సంచీలో కుక్కుకుని లోపలికి పోయింది. తల్లి మాటకు చిన్నబుచ్చుకుందేమో అనుకుని ఏసమ్మ ఆ రాత్రి రొయ్యల వేపుడు చేసి పెట్టింది.

బాపట్లలో ప్రాజెక్టు చూసే శారద మేడమ్ కూడా ఆ కాగితాలు చూసి పెదవి విరిచారట. "అందరిదీ సొంత ఇష్టమైతే నిన్న మన కారిడార్లో పదిహేడు మంది ఒకే రకం ఆవపువ్వు రంగు కుర్తీలో ఎందుకున్నారమ్మా? నిజం తేలేదాకా నీ ప్రాజెక్టు మీద నేను సంతకం పెట్టను" అన్నారట. బ్లెస్సీ ఈ సంగతి ఫోనులో చెప్పుకుని వాపోతే, "మీ మేడమ్ తెలివైన మనిషే" అంది ఏసమ్మ. కూతురికి అది ఓదార్పుగా తోచలేదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక బ్లెస్సీ భోజనం చేసి నిద్రపోయింది. ఏసమ్మ కూతురి బట్టలు ఉతుకుదామని సంచీ దులిపింది. అందులో తాను కుట్టిన గులాబీరంగు డ్రస్సు ఉంది. తిరగేసి బకెట్లో వేయబోతూ ఆగిపోయింది. తన కుట్టుకు అంగుళన్నర లోపలగా ఇంకో కుట్టు. దారం రంగు కాస్త తేడా. కుట్టు పొడుగు. మిషనులో దారం బిగువు, అదే టెన్షను, సరిగా లేక అక్కడక్కడ గుడ్డ ముడుచుకుంది.

కన్నబిడ్డ చేతిరాత తల్లి గుర్తుపట్టకపోవచ్చు గాని, తన కుట్టు మీద పడ్డ పరాయి కుట్టును టైలరు గుర్తుపట్టకుండా ఉంటుందా? ఏసమ్మ పెరట్లో పీట మీద అట్లాగే కూలబడింది. చున్నీకి గుండుసూదితో గుచ్చిన చిన్న అట్టముక్క కనిపించింది. "యలమంద టైలర్స్, స్టేషన్ ఎదురు వీధి, బాపట్ల" అని ఉంది దాని మీద. కింద పెన్నుతో "బ్లెస్సీ, రేపల్లె, ఎప్పటిలాగే" అని రాసి ఉంది.

పేరు, ఊరు పోనీలే అనుకోవచ్చు. "ఎప్పటిలాగే" అన్న మాట దగ్గర ఏసమ్మకు కళ్ళు తిరిగాయి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, నిజమే. కానీ సొంతబిడ్డ అమ్మ వండిన కూరను పొరుగింటికి తీసుకుపోయి తిరగమోత పెట్టించుకు తింటుంటే ఆ తల్లి ఏమైపోవాలి? ఏసమ్మ ఆ డ్రస్సు ఉతకలేదు. ఉన్నది ఉన్నట్టు మడిచి మళ్ళీ సంచీలో పెట్టింది. 

సోమవారం పొద్దున బ్లెస్సీ బండెక్కి పోయింది. ఏసమ్మ షాపు తలుపుకు తాళం వేసి "తెనాల్లో ఉక్సులు, దారాలు కొనుక్కురావాలి" అని అంద్రెయతో చెప్పి తరువాతి ప్యాసింజరెక్కింది.

ఆ పెట్టెలో ఆమెకు ఇంకో విద్య కనిపించింది. తెనాలి కాలేజీలకు రోజూ పోయివచ్చే పిల్లలంతా రేపల్లెలో ఎక్కేటప్పుడు చున్నీలు రెండు భుజాల మీదా పరిచి, పిన్నులు పెట్టుకుని, పెళ్ళిచూపులకు పోతున్నట్టున్నారు. భట్టిప్రోలు దాటాక ఒక పిన్ను ఊడింది. వేమూరు వచ్చేసరికి చున్నీలన్నీ మడతలు పడి సంచుల్లోకి పోయాయి. పెట్టె చివర్న కూర్చున్న చంద్రిక, ఆ వారం ఇంటి దగ్గర ఆలస్యమై రెండో బండెక్కిందట, ఏసమ్మను చూసి టికెట్ కలెక్టరును చూసినదానిలా లేచి నిలబడింది.

"ఆంటీ, మీరేంటి ఇటు? మా అమ్మ పంపిందా?"

"మీ అమ్మకి వేరే పనిలేదా? కూర్చో తల్లీ" అంది ఏసమ్మ. ఎప్పుడైతే ఆమె నవ్వకుండా ఆ మాట అందో, పిల్లలంతా సంచుల్లోంచి చున్నీలు మళ్ళీ తీసి కప్పుకున్నారు. తెనాలి దాకా ఒక్క చున్నీ జారలేదు.

తెనాలిలో బండి మారి బాపట్లలో దిగేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. యలమంద షాపు వెతుక్కోనక్కర్లేకుండానే దొరికింది. ఒక గది, ఒక మిషను, మెడలో టేపు వేసుకున్న యాభై ఏళ్ళ బక్కపలుచని మనిషి. బోర్డు మీద ప్యాంటు, కోటు వేసుకున్న మగమనిషి బొమ్మ వెలిసిపోయి ఉంది. దాని కింద కొత్త రంగుతో "లేడీస్ ఆల్టరేషన్ చేయబడును" అని రాయించాడు. ఏసమ్మ నోరు తెరిచేలోపే ఎదురుగా కొయ్యకు వేలాడుతున్న డ్రస్సు కనిపించింది. నీలం గుడ్డ, తెల్లపూలు. క్రిస్మస్‌కు తాను కుట్టింది. లోపలిది బయటికి తిప్పి వేలాడదీశాడు.

"రండక్కా, కూర్చోండి. ఏం కావాలి?" అన్నాడు యలమంద.

"ఆ డ్రస్సెవరిది తమ్ముడూ?"

"అదా? అదో పెద్ద కథక్కా!" యలమందకు కస్టమరు కంటే వినేవాళ్ళు దొరకడం ఇష్టం. డ్రస్సు దించి బల్ల మీద పరిచాడు. "రేపల్లె పిల్లది. పొద్దున్నే ఇచ్చిపోయింది, ఇప్పుడే బిగించాను. ఇదిగో, లోపల చూడండి, ఎంత గుడ్డ వదిలారో! ఈ డ్రస్సులో ఆ పిల్ల పోగా ఇంకో చెల్లెలికి గూడా చోటుంది. ఇది డ్రస్సా, గుడారమా? కుట్టింది ఎవరో కాదంట, వాళ్ళమ్మేనంట! ఆవిడ టైలరంట! నాకు నవ్వాగలేదనుకోండి."

ఏసమ్మకు చెవుల్లోంచి వేడి పుట్టింది. అయినా నిగ్రహించుకుంది. "టైలరైతే వాళ్ళమ్మకే చెప్పొచ్చుగా బిగించమని?"

"నేనూ అదే అన్నానక్కా. 'అమ్మో, బాబాయ్! మా అమ్మ ముప్పయ్యేళ్ళ నుంచి ఇట్టాగే కుడతంది. బాగాలేదని నేనంటే ఆ పూట అన్నం తినదు' అంది. పోనీ ఈ మిగులు గుడ్డన్నా కోసేస్తే సుబ్బరంగా ఉంటదిగా అంటే కత్తెర ముట్టుకోనివ్వదు. శనివారం బండికి ముందొచ్చి, నా కుట్టంతా విప్పించుకుని మరీ పోద్ది. మొన్న శనివారం నేను చెరుకుపల్లిలో మా మేనకోడలి పెళ్ళికి పోయాను. కొట్టు మూసుండేసరికి విప్పకుండానే ఒక డ్రస్సు ఇంటికి పట్టుకుపోయిందంట. పొద్దున వచ్చి ఒకటే వణుకు, మా అమ్మ చూసిందో ఏమోనని."

"కాలేజీలో ఎవరన్నా అడిగితే ఎవరు కుట్టారని చెబుద్దంట?"

"నా పేరేనక్కా!" యలమంద టేపు సవరించుకున్నాడు. "ఆ పిల్ల మాట మీద ఇంకో నలుగురొచ్చారు."

 ఇన్నాళ్ళూ తాను అన్నం వడ్డిస్తూ అడిగిన ప్రశ్నకు జవాబు ఇదన్నమాట. ఎవరూ అడగక కాదు. అడిగారు. బ్లెస్సీ చెప్పింది. ఇంకెవరి పేరో చెప్పింది. ఏడుపొచ్చింది. కానీ పరాయి టైలరు షాపులో ఏడవడానికి ముప్పై ఏళ్ళ వృత్తి ఒప్పుకోలేదు. ఏడుపు మింగి, డ్రస్సు చేతిలోకి తీసుకుని యలమంద కుట్టును గోటితో గీరింది.

"నీ కుట్టు పొడుగు తమ్ముడూ. దారం కింద బిగుతుగా, పైన వదులుగా పోతంది. రెండు ఉతుకులకి ముడతలు పడతాయి. పక్క కుట్టు చంక దాకా ఏకంగా లాగావు, చెయ్యెత్తితే పట్టేస్తది."

యలమంద నోరు తెరిచాడు. "మీకెట్టా తెలుసక్కా ఇవన్నీ?"

"ఆ గుడారం కుట్టింది నేనే."

ఆ తరువాత యలమంద పడిన అవస్థ చెప్పతరం కాదు. ముందు లేచాడు. తరువాత కూర్చున్నాడు. గుడారమన్నది తన ఉద్దేశం కాదన్నాడు. మిగులు గుడ్డ ఉండటం మంచిదే అన్నాడు, చలికాలంలో వెచ్చగా ఉంటుందన్నాడు. చివరికి పక్క హోటలు నుంచి టీ తెప్పించి రెండు చేతులా అందించాడు. ఏసమ్మ టీ తాగింది. గ్లాసు కింద పెట్టి, అతని మిషను ముందు కూర్చుని, చిన్న మర తిప్పి టెన్షను సరిచేసి, పనికిరాని గుడ్డ మీద జానెడు కుట్టి చూపించింది. యలమంద ఆ గుడ్డముక్క వెలుతురులో పెట్టి చూసుకుని, "ఇంత చెయ్యి పెట్టుకుని మరి ఆ రెండంగుళాలెందుకక్కా వదలటం?" అన్నాడు, ఈసారి నిజంగా తెలియకే.

ఏసమ్మ మిషను మీది దారప్పోగులు దులిపింది. "నేనొచ్చానని మా అమ్మాయికి చెప్పబాక" అంది లేస్తూ.

"నేనెందుకు చెబుతానక్కా? ఎంతమంది పిల్లల రహస్యాలు నా కడుపులో దాచుకున్నానో! ఒక్క తల్లికన్నా చెప్పానా?"

సరిగ్గా తాను బ్లెస్సీతో అన్న మాట. ఆ మాట రేపల్లె బండెక్కేదాకా ఆమెను వదలలేదు.

కిటికీ పక్కన కూర్చుని ఏసమ్మ ముందు యలమందను తిట్టుకుంది. తరువాత బ్లెస్సీని తిట్టుకుంది. "కన్నతల్లి కంటే ఆ బక్క టైలరు ఎక్కువయ్యాడా" అని గొణిగితే ఎదురు సీటు ముసలాయన ఉలిక్కిపడ్డాడు. కోపం కాస్త చల్లారాక కుసుమకుమారి టీచరు గుర్తొచ్చింది. మా చంద్రిక నేనేది కుట్టిస్తే అది వేసుకుంటది అని ఆవిడ చెప్పుకున్న గొప్ప, బ్లెస్సీ గురించి తాను చర్చిలో చెప్పుకున్న గొప్ప, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే అక్షరం తేడా లేదు. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదంటారు. ముప్పై ఏళ్ళుగా పరదా ఇవతల నిలబడి ఊళ్ళో తల్లులను చూసి నవ్వుకుంది. తానూ ఒక తల్లినేనన్న సంగతి బొత్తిగా మర్చిపోయింది.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. బ్లెస్సీకి ఆమె టేపు పెట్టి ఎన్నేళ్ళయింది? ఇంటర్ రెండో ఏట కుట్టిన డ్రస్సొకటి ఆదికి ఉంచుకుంది. ఐదేళ్ళుగా దాన్ని పరిచి, దానికి రెండంగుళాలు కలిపి, అలాగే కత్తిరించుకుంటూ పోతోంది. ఊళ్ళో అందరి పిల్లల కొలతలూ నోటికొచ్చు. సొంత పిల్ల కొలత తెలియదు.

శనివారం బ్లెస్సీ వచ్చింది. నీలం డ్రస్సు, నిండుగా, వదులుగా. కుట్టు విప్పించుకున్న చోట సూది గుర్తులు ఏసమ్మకు ఇప్పుడు అరమైలు దూరం నుంచి కూడా కనిపిస్తున్నాయి. ఆమె కూతుర్ని షాపులోకి పిలిచి, పరదా లాగి, టేపు తీసింది.

"రా, కొలతలియ్యి."

"కొలతలెందుకు? ఆది ఉందిగా!"

"దాన్ని మసిగుడ్డ చేశాను. చేతులెత్తు."

బ్లెస్సీ చేతులెత్తింది. ఏసమ్మ టేపు నడుము చుట్టూ తిప్పి చూసింది. ఇంటర్ చదివిన పిల్ల ఎప్పుడో వెళ్ళిపోయింది, ఎదురుగా ఒక పెద్ద మనిషి నిలబడి ఉంది. ఏసమ్మ పెన్సిలు చెవి మీంచి తీసి, కస్టమర్లతో మాట్లాడే గొంతుతో అడిగింది.

"చెప్పమ్మా. ఎంత బిగువు పెట్టను? చేతులు ఎక్కడిదాకా? పొడుగెంత?"

"నీ ఇష్టం అమ్మా."

"నా ఇష్టమంటే మళ్ళీ రెండంగుళాలొస్తాయి. నీ ఇష్టం చెప్పు."

బ్లెస్సీ తెల్లబోయింది. నూట ఇరవై మందిని ఇదే ప్రశ్న అడిగిన పిల్లకు సొంతానికి వచ్చేసరికి మాట తడబడింది. "చేతులు మోచేతిదాకా... కాదులే, శారద మేడమ్ ఏమనుకుంటారో, ఇంకాస్త కిందికి పెట్టు. పొడుగు మోకాలిదాకా. మా క్లాసు గీతిక అయితే పైకే పెట్టించుకుంటది, కానీ చర్చిలో చూస్తే బాగోదు. మెడ మాత్రం ఫోనులో ఒకటి చూశాను, అట్టా... నాన్న ఏమన్నా అంటాడా?"

"నీ ఒక్క డ్రస్సులో ఇంతమంది దూరితే అది బిగువుగాక ఏమవుద్దే?" అంది ఏసమ్మ.

బ్లెస్సీకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే తల్లి మొహంలోకి చూసి ఆగిపోయింది. "అమ్మా, నువ్వు చూశావు కదా? ఆ గులాబీ డ్రస్సు."

"చూశాను. బాపట్ల పోయి ఆ యలమందని గూడా చూశాను. మిషను టెన్షను సరిచేసి వచ్చాను."

బ్లెస్సీ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏసమ్మ టేపు చుట్టి, మళ్ళీ విప్పింది. తరువాత బ్లెస్సీ "నువ్వు బాధపడతావనే..." అంది. "పడ్డాను" అంది ఏసమ్మ. "పడితే పడ్డాను గాని, నాకు చెప్పుకోలేక ఎవరితోనో చెప్పుకున్నావే, అది ఎక్కువ బాధ. సరే, ఏడుపాపి పొడుగెంతో చెప్పు."

ఆ రాత్రి కాదు, మర్నాడు చర్చి అయ్యాక, పట్టపగలే ఏసమ్మ గుడ్డ పరిచింది. ఈపురుపాలెం నేత గుడ్డ, గోరింటాకు రంగు. గీత గీసింది. గీతకు అవతల అలవాటుగా రెండంగుళాలు వదిలి కత్తెర పెట్టి, ఆగి, వెనక్కి తీసి, అరంగుళం దగ్గర పెట్టింది. కత్తెర కదలనని మొరాయించింది. ఎదిగే పిల్ల, ఎదిగే పిల్ల అని ముప్పై ఏళ్ళుగా షాపుకొచ్చిన తల్లులంతా చెవిలో గోల పెట్టారు. "ఎదిగిందమ్మా, ఇంక చాలు" అని పైకే అనేసి కోసింది. గదిలో అంద్రెయ పేపరు దించి "ఎవరితోనే?" అన్నాడు.

ప్రాజెక్టు చదివి వినిపించే రోజున బ్లెస్సీ తల్లిని కూడా బాపట్ల రమ్మంది. ఏసమ్మ వెనక బెంచీ మీద, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బ్లెస్సీ కొత్త డ్రస్సులో లేచి నిలబడింది.

"మేడమ్, నేను పంచిన నూట ఇరవై కాయితాల్లో నూట పది మంది సొంత ఇష్టమన్నారు. వాళ్ళల్లో నేనూ ఒకదాన్ని. నేను రాసింది అబద్ధం" అంది. ఎప్పుడు బిగించుకునేదో, ఎక్కడ విప్పించుకునేదో, ఎవరికి భయపడేదో ఉన్నదున్నట్టు చెప్పింది. హాలంతా గొల్లుమంది.  "అందుకని మళ్ళీ ఒక చిన్న కాయితం ముప్పై మందికిచ్చాను. పేరు రాయక్కర్లేదన్నాను. ఇంటికి పోయేముందు మీ డ్రస్సు మారుతుందా అని ఒక్కటే ప్రశ్న. ఇరవై ఆరుగురు అవునన్నారు. మనం డ్రస్సు ఎంచుకునేటప్పుడు అద్దంలో మనల్ని కాదు మేడమ్, మనల్ని చూడబోయేవాళ్ళని చూసుకుంటున్నాం."

శారద మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సంతకం పెట్టారు. పెట్టాక, "ఆ చిన్న కాయితం ఒకటి ఇటివ్వమ్మా, నేనూ నింపాలి. మా అత్తగారింటికి పోయేటప్పుడు నాదీ మారుద్ది" అన్నారు. ఈసారి హాలు కప్పు ఎగిరిపోయింది.

అందరూ లేచాక తెనాలి పిల్ల గీతిక పరిగెత్తుకొచ్చి బ్లెస్సీని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఒసేయ్, డ్రస్సు అదిరిందే! ఆ భుజం చూడు, ఎంత చక్కగా కూర్చుందో! యలమంద బాబాయేనా?"

వెనక బెంచీ మీద ఏసమ్మ చేతిసంచీ పిడి గట్టిగా పట్టుకుంది. 

"కాదు. మా అమ్మ" అంది బ్లెస్సీ. "అదిగో, వెనక కూర్చుంది."

ఐదారుగురు ఏసమ్మ చుట్టూ చేరారు. ఏసమ్మకు ఒక్క మొహమూ సరిగా కనిపించలేదు, కళ్ళ నిండా నీళ్ళు. ఏడుస్తోందనుకుంటారని చేతిసంచీలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంది.

"ఆంటీ, నాకూ ఇట్టాంటిది కుడతారా?" అంది గీతిక. "శనివారం మా అమ్మని తీసుకుని రేపల్లె వస్తాను."

ఏసమ్మ తలెత్తి, చెంగుతో కళ్ళు తుడుచుకుని, సంచీలోంచి టేపు తీసింది.

"చెయ్యెత్తు తల్లీ. కొలతలు నీయి. మీ అమ్మతో నాకేం పని?"